సీసాలో దాక్కున్న విలన్!

'మాయాబజార్'లో పడవ పాట మొదలై తెరమీద వెన్నెల పరుచుకోగానే 'అబ్బ!' అనని ప్రేక్షకుడు ఈనాటికీ లేడు. 1957లో విడుదలైన ఆ చిత్రరాజానికి దర్శకుడు కె.వి.రెడ్డి. మన అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టినవాడే! వెన్నెలను వెండితెరకు ఎక్కించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఇంతవరకు అందరికీ తెలిసిన సంగతే.

తెలియని సంగతి మరొకటి ఉంది. కెమేరాలోంచి తీసిన ఫిల్ము మీద అప్పటికి బొమ్మేమీ కనిపించదు. అది చీకటి గదిలో ఒక ద్రావణంలో మునిగి తేలితేనే హీరో హీరోగానూ, హీరోయిన్ హీరోయిన్‌గానూ బయటికొస్తారు. ఆ ద్రావణం పేరే డెవలపరు. ఆ పూట అది సీసాలోనే చచ్చి కూర్చుంటే? వెన్నెలా లేదు, మన్నూ లేదు! చేతికొచ్చేది గాజుముక్కలాంటి ఖాళీ ఫిల్ము.

ఇప్పుడీ పాత కథ ఎందుకంటారా? నలుపు-తెలుపు ఫిల్ము చచ్చిపోలేదు కాబట్టి! 2023లో వచ్చిన 'ఓపెన్‌హైమర్' కోసం కొడాక్ సంస్థ ఐమాక్స్ కెమేరాలకు సరిపడే 65 మిల్లీమీటర్ల నలుపు-తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారుచేసింది. 1959లో వచ్చిన ఈస్ట్‌మన్ డబుల్-ఎక్స్ ఫిల్ము మీద 2019లో 'ద లైట్‌హౌస్' తీశారు. ఇటు మన ఊళ్లలోనూ తాతగారి ట్రంకుపెట్టెలోంచి పాత కెమేరాలు బయటికొస్తున్నాయి. కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు సొంతంగా ఫిల్ము కడుగుతున్నారు. సరదాగా మొదలుపెట్టి, తర్వాత వదల్లేకపోతున్నారు.

ఈ సరదాకి ఖరీదుంది సుమా! ఒక్క రోలు ధరకు నలుగురు స్నేహితులు కలిసి సినిమాకెళ్లి రావచ్చు. డబ్బు పోతే పోయింది, మళ్లీ సంపాదించుకోవచ్చు. కంబదూరు లాంటి ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడాది బెంగుళూరు బస్సెక్కుతున్న కుటుంబం ఫోటో తీశారనుకోండి. ఆ బస్సు మళ్లీ వెనక్కి తిరిగి నిలబడదు. అవ్వ నవ్విన నవ్వు రెండో టేకులో రాదు. స్టూడియోలో అయితే 'కట్, వన్ మోర్!' అనొచ్చు. ఇక్కడ అనేవాడూ లేడు, వినేవాడూ లేడు. అందుకే సీసాలో ఉన్నది బతికుందా లేదా అన్నది తెలుసుకుని తీరాలి.

విలన్ ఎవరు?

ఫిల్ము మీద వెండి లవణాల పూత ఉంటుంది. వెలుతురు తగిలిన చోట ఆ లవణాన్ని నల్లటి వెండిగా మార్చడమే డెవలపరు పని. అంటే ఎదుటివాడికి ఎలక్ట్రాన్లు దానం చేసే గుణం దానిది. దానగుణం ఉన్నవాళ్ల చుట్టూ అడిగేవాళ్లు మూగుతారు కదా! గాల్లోని ఆక్సిజన్ కూడా అలాగే చెయ్యి చాపుతుంది. ఫిల్ముకి ఇవ్వాల్సింది కాస్తా గాలికే ఇచ్చేసి, డెవలపరు ఉత్తచేతులతో మిగులుతుంది. ఇదీ దాని చావు కథ. విలన్ ఇంకెవరో కాదు... గాలి!

ప్రతి సినిమాలోనూ హీరో కోసం గుండెకు తూటా అడ్డుపెట్టే స్నేహితుడొకడు ఉంటాడు చూడండి, డెవలపరులో ఆ పాత్ర సోడియం సల్ఫైట్‌ది. గాలి లోపలికి రాగానే అది ఎదురెళ్లి తాను సల్ఫేట్‌గా మారిపోతుంది, అసలు మందును కాపాడుతుంది. స్నేహితుడు ఉన్నంతకాలం హీరో క్షేమం. స్నేహితుడు అయిపోయాడా, కథ చకచకా క్లైమాక్సుకి పోతుంది. ద్రావణం టీ రంగుకు, తర్వాత కాఫీ రంగుకు తిరుగుతుంది.

గాఢ ద్రావణం, అంటే నీళ్లు కలపని చిక్కటి డెవలపరు, ఎక్కువకాలం ఎందుకు నిలుస్తుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. చుక్క చుక్కకీ కాపలాదారు దండిగా ఉంటాడు. అదే మందుని 50 రెట్ల నీళ్లలో కలిపితే కాపలా పలచనైపోతుంది. పైగా ఆ నీళ్లతోపాటు కరిగున్న ఆక్సిజన్ కూడా లోపలికొస్తుంది. కాబట్టి పలచన చేసిన మందు ఆ పూటకే. వాడండి, పారబోయండి. 'రేపటికి దాచుకుందాం' అనే పొదుపు ఇక్కడ పనికిరాదు.

తారాగణం

ఇక నటీనటుల పరిచయం. ఒక్కొక్కరి స్వభావం ఒక్కోరకం.

రొడినాల్: అందరికన్నా సీనియరు! జర్మనీకి చెందిన ఆగ్ఫా సంస్థ కోసం మోమ్మె ఆండ్రెసెన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1891లో పేటెంటు తీసుకున్నాడు. మన తెలుగు టాకీ పుట్టకముందే, అసలు సినిమా అనేదే జనం ముందుకు రాకముందే పుట్టిన మందు. పారా-అమినోఫినాల్, కాస్టిక్ పొటాష్, సల్ఫైట్ దీని ముఖ్య సరుకులు. వాడకంలో 1+25, 1+50 చొప్పున నీళ్లు కలుపుతారు. ఆయుర్దాయంలో దీన్ని మించింది లేదు. మూత బిగువుగా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాఫీ డికాక్షన్‌లా నల్లబడినా పని మానదు. ఇప్పుడు ఆర్09 వంటి వేరే పేర్లతోనూ దొరుకుతోంది.

డి-76: కొడాక్ వాళ్లు 1920లలో సినిమా నెగటివ్‌ల కోసమే తయారుచేసిన మందు. ఇది పొడి రూపంలో వస్తుంది. పొట్లం చిరగకుండా, తడి తగలకుండా ఉన్నంతవరకు భయం లేదు. నీళ్లలో కలిపిన మూలద్రావణానికి కొడాక్ చెప్పే గడువు ఇది: నిండా నింపి బిగించిన సీసాలో 6 నెలలు, సగం ఖాళీగా ఉన్న సీసాలో 2 నెలలు, తెరిచిన ట్రేలో 24 గంటలు. చూశారా, అదే మందు, అదే గది, సీసాలో సగం గాలి ఉన్నందుకు ఆయువు మూడోవంతుకు పడిపోయింది!

దీంట్లో ఒక వింత కూడా ఉంది. కలిపి ఉంచిన కొద్దీ క్షారగుణం నెమ్మదిగా పెరిగి, చనిపోయే ముందు కొంతకాలం బలం ఎక్కువవుతుంది. ఆరిపోయే దీపం భగ్గుమన్నట్టు! నెగటివ్‌లు హఠాత్తుగా చిక్కగా వస్తున్నాయంటే సంబరపడకండి, తేదీ చూసుకోండి.

హెచ్‌సి-110: తేనెపాకంలా ఉండే మందు. నీళ్లు దాదాపు లేకుండా చేసిన పాకం కాబట్టి దీర్ఘాయుష్షుకు పేరుపడింది. అయితే 2019లో దీని తయారీ మార్చారు. ఇప్పుడొచ్చేది పలచగా ఉంటుంది. పాత పాకం గురించి పెద్దవాళ్లు చెప్పే మాటలు కొత్త సీసాకు అచ్చంగా అన్వయించుకోవద్దు.

ఎక్స్‌టాల్: 1996లో వచ్చింది. ఇది విటమిన్ సి జాతి మందు. పనితనం బాగుంటుంది గాని చావు మాత్రం హఠాన్మరణం! రంగు మారదు, వాసన మారదు, ముందుగా దగ్గూ రాదు, తుమ్మూ రాదు. నిన్న బాగా పనిచేసింది, ఇవాళ ఫిల్ము ఖాళీ. నీళ్లలో ఇనుము, రాగి జాడలుంటే ఈ చావు ఇంకా తొందరగా వస్తుంది. నిండు సీసాలో ఏడాది, సగం సీసాలో 2 నెలలు అన్నది కంపెనీ మాట.

దీన్నిబట్టి ఏం తేలింది? మేకప్ చూసి మనిషిని నమ్మకూడదని! నల్లగా ఉన్న రొడినాల్ బతికుండొచ్చు, నీళ్లలా తేటగా ఉన్న ఎక్స్‌టాల్ చచ్చి ఉండొచ్చు. డి-76 మాత్రం టీ రంగుకు తిరిగిందంటే ఇంక నమ్మవద్దు.

500 మిల్లీలీటర్ల లెక్క

ఇంట్లో వాడే డబ్బాలో 35 ఎం.ఎం. రోలు ఒకటి కడగడానికి సుమారు 300 మిల్లీలీటర్ల ద్రావణం కావాలి. రొడినాల్‌ని 1+50 చొప్పున కలిపితే గాఢ ద్రావణం దాదాపు 6 మిల్లీలీటర్లు చాలు. అంటే 500 మిల్లీలీటర్ల సీసాతో 83 రోళ్లు! నెలకు రెండు రోళ్లు తీసే కుర్రాడికి అది మూడేళ్లు దాటి వస్తుంది. ఈలోగా ఆ సీసా మూత 83 సార్లు తెరుచుకుంటుంది, 83 సార్లు కొత్త గాలి లోపలికి పోతుంది. రొడినాల్ కాబట్టి తట్టుకుంటుందేమో గాని మిగతా మందులు తట్టుకోవు. చౌకగా వస్తోందని పెద్ద సీసా కొని, సగం వాడి సగం పారబోసేవాళ్లే ఎక్కువ. అందుకని మీ వాడకానికి తగ్గ సీసా కొనండి. లేదా నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొని, తెరిచిన రోజే పంచుకోండి. పొడి పొట్లాన్ని మాత్రం సగం సగం పంచుకోకూడదు. లోపలి దినుసులు అంతటా సమంగా కలిసి ఉండవు. మొత్తం ఒకేసారి నీళ్లలో కలిపి, ఆ ద్రావణాన్నే పంచుకోవాలి.

కంబదూరు ఎండలో...

పుస్తకాల్లో రాసిన గడువులన్నీ చల్లటి గదికి, సుమారు 20 డిగ్రీలకు సంబంధించినవి. మన కంబదూరులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో అటకమీద ఇంకా ఎక్కువ. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుందన్నది ఒక మోటు లెక్క. ఆ లెక్కన 20 డిగ్రీల దగ్గర 6 నెలలు నిలిచేది 40 డిగ్రీల దగ్గర నెలన్నరకు దిగుతుంది. ఖచ్చితమైన కొలత కాకపోయినా జాగ్రత్తపడటానికి చాలు.

మరైతే ఫ్రిజ్జులో పెట్టేద్దామా? వద్దు! రెండు కారణాలు. చలికి గాఢ ద్రావణంలోని లవణాలు పలుకులు కట్టి అడుగున చేరతాయి. పైనుంచి తీసిన 6 మిల్లీలీటర్లలో ఏముందో ఎవరికీ తెలియదు. పలుకులు కనిపిస్తే సీసాని గోరువెచ్చని నీళ్లలో ఉంచి, అవి పూర్తిగా కరిగేదాకా ఆడించాకే వాడాలి. రెండో కారణం ఇంకా పెద్దది. పెరుగు గిన్నె పక్కన విషం పెట్టకూడదు.

దీనికి మన నేలలోనే ఉపాయం ఉంది. మనది ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వర్షపాతం ఉన్న జిల్లా. గాలి పొడిగా ఉంటుంది కాబట్టే కుండలో నీళ్లు అంత చల్లబడతాయి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, రెంటి మధ్య ఇసుక పోసి, ఆ ఇసుకను తడుపుతూ ఉండండి. లోపలి కుండలో సీసా పెట్టి మూతమీద తడిగుడ్డ కప్పండి. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో ఇదే పద్ధతితో కూరగాయలు నిలవచేసే కుండలను ప్రచారంలోకి తెచ్చాడు. కరెంటు పోయినా ఆగని ఫ్రిజ్జన్నమాట! ముసురు పట్టిన రోజుల్లో అంతగా పనిచేయదు గాని, ఆ రోజుల్లో ఎండ బాధ కూడా ఉండదు కదా. ఇంత శ్రమ ఎందుకనుకుంటే రాతి మిద్దె ఇంట్లో, నేలమీద, ఎండ సోకని మూల చాలు. అటక మాత్రం వద్దు.

ఇంకొక మాట. మందు పార్సిల్‌లో తెప్పించుకునేవాళ్లు మండు వేసవిలో కాకుండా కార్తీకం, మార్గశిరాల్లో తెప్పించుకోండి. వేసవిలో లారీ పెట్టెలో ఉడికిన సీసా మీ చేతికొచ్చేసరికే సగం ఆయువు పోగొట్టుకుని ఉండొచ్చు.

నీళ్లతో జాగ్రత్త

జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు సబ్బు నురగ రాని రకం. అందులోని సున్నపు లవణాలు డెవలపరుతో కలిసి తెల్లటి మడ్డిగా దిగుతాయి. ఆరిన నెగటివ్ మీద మచ్చలు వేస్తాయి. నిలవ ఉంచాల్సిన మూలద్రావణాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపండి. బ్యాటరీ షాపులో దొరుకుతుంది. అడిగేటప్పుడు 'బ్యాటరీ నీళ్లు' అని స్పష్టంగా చెప్పండి, యాసిడ్ తెచ్చుకునేరు! ఆ పూటకే వాడి పారబోసే ద్రావణానికైతే ఆర్.ఓ. క్యాన్ నీళ్లు చాలు.

సీసా ఎలా ఉండాలి?

అన్నిటికన్నా గాజుసీసా మంచిది. మెత్తగా నొక్కుడుపడే ప్లాస్టిక్ సీసాల గోడల్లోంచి ఆక్సిజన్ మెల్లగా లోపలికి దూరుతుంది. గోధుమరంగు గాజు మంచిదే గాని, వెలుతురుకన్నా గాలే పెద్ద శత్రువని మరచిపోకండి. మూత లోపల మెత్తటి బిళ్ల సరిగా ఉండాలి. సీసా తెరిచిన రోజే మందును 50, 100 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లోకి మెడదాకా నింపి బిగించండి. ఒకటి అయ్యాకే మరొకటి తెరవండి. చిన్న సీసాలు లేవా? చిన్నప్పటి గోలీలు ఉన్నాయిగా! బాగా కడిగి ఆరబెట్టిన గాజు గోలీలు ఒక్కొక్కటే సీసాలో జారవిడిస్తే మందు మట్టం మెడదాకా వస్తుంది, గాలికి చోటుండదు.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. టానిక్కు సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఈ మందులు పోయవద్దు. పోయనే వద్దు! రొడినాల్‌లో ఉన్నది కాస్టిక్ పొటాష్. గొంతులో పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. చీకట్లో దాహం వేసిన తాతకూ, ఆడుకునే పిల్లవాడికీ సీసా ఆకారమే తెలుస్తుంది గాని లోపలున్న మందు తెలియదు. కొత్త సీసాలే కొనండి. 'విషం – ఫోటో మందు' అని పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, తాళం వేసే పెట్టెలో పెట్టండి. తెరిచిన తేదీ, కలిపిన తేదీ కూడా దానిమీదే రాయండి. చేతులకు తొడుగులు వేసుకోండి. డి-76లోని మెటాల్ కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు లేస్తాయి. వాడిన మందులు బావి దగ్గర, బోరు దగ్గర పారబోయకండి.

ఉచిత స్క్రీన్ టెస్ట్!

సినిమాలో అవకాశమిచ్చేముందు స్క్రీన్ టెస్ట్ చేస్తారు కదా. డెవలపరుకి కూడా చెయ్యండి. పైసా ఖర్చు లేదు. 35 ఎం.ఎం. రోలు మొదట్లో నాలుకలా బయటికి ఉండే ముక్క ఎలాగూ వెలుతురు తగిలి పాడయ్యేదే. దాన్ని కత్తిరించి దాచుకోండి. ఫిల్ము కడగబోయే రోజు, మీరు వాడబోయే ద్రావణంలోంచే కాస్త గ్లాసులో తీసుకుని, మామూలు వెలుతురులోనే ఆ ముక్కను సగందాకా ముంచండి. కొన్ని నిమిషాల్లో మునిగిన సగం నల్లబడితే మందు బతికున్నట్టు. చలనం లేకపోతే పారబోయండి. మీ రోలు దక్కింది!

అయితే ఈ పరీక్ష చెప్పేది చావా, బతుకా అన్నంతవరకే. ఎంత బలం మిగిలిందో తెలియాలంటే ఇంకొంచెం ఓపిక కావాలి. సీసా కొత్తగా తెరిచిన రోజే ఒక ముక్క ముంచి, అది నల్లబడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ముక్కను హైపోలో కడిగి ఆరబెట్టి నోటుబుక్కులో అంటించండి. తర్వాత ప్రతిసారీ అదే పాళ్లు, అదే వేడి, అదే రకం ఫిల్ము పెట్టి పోల్చి చూడండి. టైము పెరిగిపోతోందంటే సీసా ముసలిదవుతోందని అర్థం.

పెద్ద సినిమా లేబరేటరీల పద్ధతి కూడా ఇదే తోవ. కొలిచిన వెలుతురు మెట్లు మెట్లుగా సోకిన ఫిల్ము పట్టీని ముందు ట్యాంకులో కడిగి, ఆ నలుపును డెన్సిటోమీటరు అనే పరికరంతో కొలుస్తారు. లెక్క సరిపోయాకే అసలు నెగటివ్ లోపలికి పోతుంది. తగ్గిన బలాన్ని కొత్త మందు పోసి భర్తీ చేస్తూ ఉంటారు. లక్షల రూపాయల నెగటివ్‌కి వాళ్లు చేసే పరీక్షను, అవ్వ ఫోటోకి మనం ఫిల్ము ముక్కతో చేస్తున్నాం. అంతే తేడా.

మీ సందేహాలు – మా సమాధానాలు

గడువు తేదీ దాటిన సీల్ తీయని సీసా వాడొచ్చా? వాడొచ్చు, ముక్క పరీక్ష నెగ్గితేనే! నెగ్గినా మొదటిసారి పెళ్లి ఫోటోలు కడగకండి. కుక్కపిల్ల ఫోటోలు కడిగి చూడండి.

చచ్చిన మందులో ఎక్కువసేపు ఉంచితే బొమ్మ రాదా? రాదు. బలహీనపడిన మందుతో వచ్చినా నీడల్లోని వివరాలన్నీ పోతాయి. కళ్లు, జడ, చీర అంచు ఏమీ మిగలవు.

హైపో కూడా చెడుతుందా? చెడుతుంది. దానికీ ముక్క పరీక్షే. ఫిల్ము ముక్క తేటపడటానికి కొత్త హైపోలో పట్టిన టైముకి రెట్టింపు పడితే మార్చేయండి.

వేసవిలో 20 డిగ్రీల నీళ్లు ఎక్కడ తేవాలి? తెల్లవారుజామున, కుండనీళ్లతో పని పెట్టుకోండి. వేడి ఎక్కువైతే టైము తగ్గించాలి. అది 5 నిమిషాలకన్నా తగ్గితే మచ్చలు మచ్చలుగా వస్తుంది కాబట్టి మందుని ఇంకాస్త పలచన చేసుకోండి. డెవలపరు, హైపో, కడిగే నీళ్లు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. లేకపోతే ఫిల్ము మీది జిగురుపూత బీటలు వారిన చెరువులా అవుతుంది.

ఒకప్పుడు మన దేశంలోనే ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము తయారయ్యేది. 1960లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ ఇప్పుడు మూతపడింది. ఫిల్ము, మందులు చాలావరకు బయటి దేశాలనుంచి రావాల్సిందే. అందుకే ఒక్క చుక్క కూడా వృథా కాకూడదు. మూత బిగించండి, తేదీ రాయండి, ముక్క ముంచి చూడండి. ఈ మూడూ చేస్తే విలన్ సీసా బయటే ఉంటాడు. హీరోయిన్ సంగతి అంటారా? అది మీ కెమేరా ముందు ఎవరు నిలబడతారో వాళ్ల ఇష్టం!